జావా నుంచి రేలిబ్ వాడాలంటే

సీ భాషలో రాసిన గేమ్ లైబ్రరీ రేలిబ్‌ని జావాలోంచి పిలవడానికి ఇప్పుడు జేఎన్‌ఐ (జావాని సీ కోడ్‌తో కలిపే పాత పద్ధతి) జోలికి పోనక్కర్లేదు, 2024 మార్చిలో వచ్చిన జావా 22తో, అదే పని చేసిపెట్టే ఫారిన్ ఫంక్షన్ అండ్ మెమరీ ఏపీఐ ప్రివ్యూ దశ దాటింది. జేఎక్స్‌ట్రాక్ట్ అనే టూల్‌కి రేలిబ్ హెడర్ ఫైలు ఇస్తే బైండింగులు (సీ ఫంక్షన్లని పిలిచే జావా కోడ్) అదే రాసిపెడుతుంది.

అసలు టెన్షన్ స్ట్రక్టులతోనే, అంటే కొన్ని విలువల్ని ఒకచోట కట్టి ఉంచే సీ రకాలతో. కలర్ అంటే నాలుగు బైట్లు, దాన్ని పాయింటర్‌గా కాదు, విలువగానే పంపాలి. ప్రతి ఫ్రేములో ప్రతి బొమ్మకీ కొత్త మెమరీ తీసుకుంటూ పోతే గేమ్ నత్తనడక నడుస్తుంది, అందుకే ఒక సెగ్మెంట్ (మెమరీ ముక్క) ముందే తీసిపెట్టుకుని అందులోనే విలువలు మార్చుకోండి. టెక్స్చర్‌తో (జీపీయూ మెమరీలో ఉండే బొమ్మ) ఇంకా జాగ్రత్త: వాడని మెమరీని ఖాళీ చేసే జావా గార్బేజ్ కలెక్టర్‌కి జీపీయూ మెమరీ కనపడదు, అన్‌లోడ్ టెక్స్చర్‌ని మీరే పిలవాలి, అదీ విండో మూయకముందే, ఓపెన్‌జీఎల్ (బొమ్మలు గీసే గ్రాఫిక్స్ ఏపీఐ) కాంటెక్స్ట్ ఉన్న థ్రెడ్‌లోనే. మ్యాక్‌లో అయితే జేవీఎంకి ఎక్స్‌స్టార్ట్‌ఆన్‌ఫస్ట్‌థ్రెడ్ (-XstartOnFirstThread) ఆప్షన్ కూడా ఇవ్వండి.