జపనీస్ మాటలు నేర్చుకోవాలంటే తెలుగులో రాసుకోండి

అనిమే చూసో, జపాన్ టూర్ ప్లాన్ చేసుకునో నాలుగు మాటలు నేర్చుకుందామనుకునే మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న లిస్టు ఒకటి డౌన్‌లోడ్ చేసి బట్టీ పడుతుంటారు. అది పక్కన పెట్టేయండి. ఆడియో వింటూ, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోండి. జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం, ఒత్తు మారితే అర్థమే మారిపోతుంది, ఈ మూడూ మనకి చిన్నప్పుడే చేతికి వచ్చేశాయి.

ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నానమ్మో. బిరు అంటే బిల్డింగ్, బీరు అంటే మనకి తెలిసిన బీరే. ఒతొ అంటే శబ్దం, ఒత్తొ అంటే మొగుడు. ముందు తెలిసిన పేర్లతో నోరు సరిచేసుకోండి: టొయోటాని తొయొత అనండి, హోండాని హొంద అనండి. ఆ ట, డ ఇంగ్లిష్ మీదుగా వచ్చి చేరినవి, అక్కడ పలికేది త, ద. సున్న కూడా మన సున్నలాగే పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది, షింబున్ (వార్తాపత్రిక), గింకో (బ్యాంకు) చదివి చూడండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వాళ్ల త వరస: త, చి, చు, తె, తొ. ఇందులో చి మన చిలకలో చి, చు మాత్రం ఊళ్లో పెద్దవాళ్లు చుక్క అన్నప్పుడు పలికే చు. సునామీలో మొదటి అక్షరం అసలు అదే. ఇంగ్లిష్‌లో మూడక్షరాలు పెట్టి తిప్పలు పడే ఆ శబ్దం మన ఇళ్లలో రోజూ వినపడేదే.

రాసేటప్పుడు ఒక్కటి గుర్తు పెట్టుకోండి, చివరి ఉకారాన్ని చాలాసార్లు మింగేస్తారు. దెసు అని రాసినా దెస్ అనే వినపడుతుంది.

ఇక వాక్యం. తెలుగు వరసలోనే ఆలోచించండి, మధ్యలో ఇంగ్లిష్ వద్దు. మిజు ఒ కుదసయ్: నీళ్లు ఇవ్వండి. తోక్యో ఎకి వ దొకొ దెస్ క: తోక్యో స్టేషన్ ఎక్కడండీ? ప్రశ్నకి మనం చివర ఆ చేర్చినట్టు వాళ్లు క చేరుస్తారు. వస్తువులకి హితొచు, ఫుతచు అని లెక్కపెట్టి మనుషులకి హితొరి, ఫుతరి అంటారు, మన ఒకటి, రెండు, ఒకరు, ఇద్దరు లాగే. ఫు అనేటప్పుడు పళ్లు పెదవికి తగలకూడదు, దీపం ఊదినట్టు పలకాలి. హోటల్ గుమ్మంలో నన్మేసమ దెస్ క అన్నారంటే ఎంతమంది అని అడిగినట్టు, ఇద్దరైతే ఫుతరి దెస్ అంటే చాలు.

పేరు చివర సన్ చేర్చడం మర్యాద, కానీ మన పేరుకి మనం గారు తగిలించుకోం కదా, అదీ అంతే. అనిమేలో తెగ వినపడే ఒమయె, కిసమ (రెండూ నువ్వు, రా లాంటివి, రెండోది తిట్టే) కొత్తవాళ్ల దగ్గర అస్సలు వాడొద్దు. ఎవరినైనా పిలవాలంటే సుమిమసెన్ అనండి, సర్వర్‌ని పిలవడానికీ, దారి అడగడానికీ, తగిలితే సారీకీ అదే మాట.

శాకాహారులు మాత్రం ఇంకో వాక్యం కచ్చితంగా నేర్చుకోవాలి. నికు నషి, అంటే మాంసం లేకుండా అని చెప్తే సరిపోదు, ఎందుకంటే మిసొ సూప్‌లోనూ ఉదొన్ (లావు నూడుల్స్) పులుసులోనూ వేసే దషి అనే రసాన్ని తరచుగా ఎండుచేప తురుముతో కాస్తారు, అది కంటికి కనపడదు. సకన నొ దషి వ హయిత్తె ఇమస్ క, చేప దషి ఉందా అని అడగండి. హయిత్తె ఇమస్ అంటే ఉందని, హయిత్తె ఇమసెన్ అంటే లేదని. కొంబు దషి మాత్రమే వేశామన్నారంటే అది సముద్రపు నాచుతో కాచింది, ఆ రసం వరకు బెంగ లేదు.