ఆట ఆపేశాక టీమ్ మేనేజర్ కావాలంటే

బాస్కెట్‌బాల్ ఆపేసినవాళ్లు చాలామంది కోచింగ్ వైపే చూస్తారు, మేనేజర్ పని వాళ్ల కంటికి ఆనదు. లారీ బర్డ్ ఆటగాడిగా, కోచ్‌గా, చివరికి జట్టు అధ్యక్షుడిగా కూడా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో అవార్డులు కొట్టాడు. కానీ అక్కడ ఆ కుర్చీ ఆటగాళ్లను తెచ్చుకునేది. హనుమకొండలో మేనేజర్ అంటే ఫైలు, టికెట్లు, జెర్సీల బ్యాగు.

ఇంకా ఆడుతున్నప్పుడే మొదలుపెట్టండి. జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం)లోనో, కాలేజీ టోర్నీల్లోనో స్కోర్ టేబుల్ దగ్గర కూర్చొని పది మ్యాచ్‌లకు స్కోర్ షీటు రాయండి. పదేళ్లు ఆడినా చాలామందికి షీటు చదవడం రాదు.

తర్వాత ఫైలు. ఒక్కొక్కరి ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, నాలుగు ఫోటోలు, స్కూలు జట్టయితే బోనఫైడ్. జిరాక్సులు రెండు సెట్లు, ఒరిజినల్స్ వేరే కవరులో. మన దగ్గర ఎక్కువగా దెబ్బకొట్టేది ఇంటిపేరు: మెమోలో ముందుంటుంది, ఆధార్‌లో వెనక్కి పోతుంది, ఇంకోచోట ఒక్క అక్షరమే మిగులుతుంది. వయసు పరిశీలనలో పిల్లవాడు ఆగిపోయేది అక్కడే. సవరణకు రోజులు పడుతుంది కాబట్టి ఎంపిక కాగానే ఈ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. ఒక టికెట్‌పై ఆరుగురికే చోటు. 12 మంది ఆటగాళ్లు, కోచ్, మీరు కలిపి 14 మంది, అంటే మూడు టికెట్లు. ఎక్కే స్టేషన్ పేరు గ్రూపులో పెద్దక్షరాలతో పెట్టండి. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు పోయే బండి కాజీపేటలోనే మలుపు తిరుగుతుంది, వరంగల్ రాదు. విజయవాడ నుంచి అటు పోయేవి చాలావరకు వరంగల్‌లో ఆగి కాజీపేటను వదిలేస్తాయి. ఇద్దరు ఒక స్టేషన్‌లో, పదిమంది ఇంకో స్టేషన్‌లో నిలబడటం కొత్తేం కాదు. అమ్మాయిల జట్టయితే వెంట మహిళ ఉండాలి, అందులో బేరం లేదు.

బ్యాగులో లేత రంగు జెర్సీలు ఒక సెట్, ముదురువి ఒక సెట్. షెడ్యూల్‌లో మీ పేరు ముందుంటే లేతవి, రెండోదైతే ముదురువి. అబ్బాయిలకు 7 నంబరు బంతి, అమ్మాయిలకు 6. గాలి చూడాలంటే 1.8 మీటర్ల ఎత్తు నుంచి వదలండి. ఎగిరినప్పుడు బంతి పైభాగం 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య రావాలి. పంపు సూదిని తడిపి ఎక్కించండి, పొడిగా తోస్తే వాల్వ్ చిరుగుతుంది. చీలమండ బెణికితే ఐసు గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టాలి, నేరుగా చర్మం మీద వద్దు. మ్యాచ్‌కు మూడు గంటల ముందు ఇడ్లీ, పెరుగన్నం చాలు. బిర్యానీ గెలిచాక.

మ్యాచ్‌కు కనీసం 40 నిమిషాల ముందు పేర్లు, జెర్సీ నంబర్ల జాబితా స్కోరర్ చేతిలో ఉండాలి. బండి ఆలస్యమై దారిలో ఉన్నవాళ్ల పేరు కూడా రాసివ్వండి, పేరుంటే తర్వాత వచ్చినా ఆడొచ్చు. 10 నిమిషాల ముందు కోచ్ షీటులో మొదట దిగే ఐదుగురి పేర్ల పక్కన గుర్తు వేసి సంతకం చేయాలి. ఆ సంతకానికి ముందే జెర్సీ మీది నంబరు, షీటులోది కలుస్తున్నాయో చూడండి. టైమ్ దాటి 15 నిమిషాలైనా ఐదుగురు కోర్టులో సిద్ధంగా లేకపోతే మ్యాచ్ 20–0తో పోయినట్టే.

ఇక బెంచి. పాత ఆటగాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఫౌల్ అన్యాయం అనిపించగానే కాళ్లు వాటంతట అవే లేస్తాయి. మ్యాచ్ నడుస్తుండగా నిలబడే హక్కు హెడ్ కోచ్‌కో, మొదటి అసిస్టెంట్‌కో, అదీ ఒక్కసారికి ఒకరికే. మీరు అరిస్తే టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకు పడే ఫౌల్) కోచ్ పేరు పక్కన ‘బీ’ (బెంచి) అని పడుతుంది, అవతలివాళ్లకు ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోని షాట్). అలాంటివి మూడైతే కోచ్‌ను బయటికి పంపిస్తారు. ఒళ్లో కాగితం పెట్టుకొని మనవాళ్ల ఫౌళ్లు, టైమ్‌అవుట్లు రాసుకుంటూ కూర్చోండి. నాలుగో ఫౌల్ పడగానే కోచ్ చెవిన వేయండి. ఐదోది పడితే ఆ ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడలేడు.

మ్యాచ్ అయ్యాక ఫలితంపై నిరసన (ప్రొటెస్ట్) తెలపాలంటే 15 నిమిషాలే గడువు. ఆలోగా కెప్టెన్ రిఫరీకి చెప్పి షీటులో సంతకం పెట్టాలి, మీరు పెడితే చెల్లదు. అందుకే లెక్క తేలేదాకా కెప్టెన్‌ను డ్రెస్సింగ్ రూమ్‌కు పోనివ్వకండి.