హోటల్ బిల్లు ఎవరు కట్టాలి?

నలుగురు కలిసి హోటల్లో భోంచేసినప్పుడు బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్న, సోంపూ పటికబెల్లం పలుకులూ ఉన్న చిన్న పళ్లెంతో సర్వరు బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టాక పుట్టిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఒకరి చెయ్యి జేబు దాకా వెళ్లి అక్కడే ఆగుతుంది. మరొకరు చెయ్యి కడుక్కునే నెపంతో లేస్తారు. ఇంకొకరికి ఫోనులో సరిగ్గా అప్పుడే ముఖ్యమైన సందేశం వస్తుంది. ఈ ఇబ్బంది వద్దనుకుంటే లెక్కను పిలుపు దగ్గరే తేల్చుకోవాలి.

మన మాటల్లోనే రెండు రకాల పిలుపులున్నాయి. "ఆదివారం మాతో భోజనానికి రండి" అన్నవారు, తినేది ఇంట్లోనైనా హోటల్లోనైనా, పెట్టుబడి తమదని ఒప్పుకున్నట్టే. "ఆదివారం ఎక్కడికైనా వెళ్లి తిందామా?" అన్నది ఆలోచన మాత్రమే, ఆ మాట ముందు అన్నంత మాత్రాన బిల్లు వారిది కాదు. ఏ పిలుపో వినేవారికి తెలియకపోతే "ఇది నా తరఫున" అనో, "తలా ఇంత వేసుకుందాం" అనో అప్పుడే ఒక మాట కలపడం పిలిచేవారి బాధ్యత. పుట్టినరోజు, కొత్త ఉద్యోగం, ప్రమోషన్ వంటివాటికి మన దగ్గర సంతోషం ఎవరిదో బిల్లూ వారిదే. అమెరికాలో పుట్టినరోజు జరుపుకునేవారి వాటాను మిత్రులు పంచుకోవడం మామూలు కనుక, అక్కడ పెరిగిన పిల్లలు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ తేడాను పెద్దవారు ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఒకరు పెడుతున్నప్పుడు తినేవారికీ కొంత మర్యాద ఉంటుంది. మెనూలో ఖరీదైనది తమంతట తాము చెప్పకుండా, పిలిచినవారు ఏం చెబుతారో చూసి ఆ ధరకు అటూఇటూగా చెప్పుకోవాలి. పిలిచినవారు కూడా "ఇక్కడ మటన్ బిర్యానీ బాగుంటుంది, అందరికీ చెప్పనా?" అని ముందుగా అంటే అతిథుల మొహమాటం సగం తీరుతుంది.

బంధువుల మధ్య వయసూ వరసా చూసుకోవలసి ఉంటుంది. మామగారితో వెళ్లిన అల్లుడు పర్సు తీయబోవడం మర్యాదే కాని, ఆయన వద్దన్నాక రెండోసారి పట్టుబడితే అది ఆయన పెద్దరికాన్ని తోసిపుచ్చినట్టవుతుంది; ఆ రోజుకు ఊరుకుని, మరోసారి తానే పిలవడం సరైన పద్ధతి. ఈ మధ్య పెళ్లిమాటల మొదటి పలకరింపు హోటళ్లలో జరుగుతోంది. ఆడపిల్లవారు కనుక వారే కట్టాలన్న పాత లెక్కను అక్కడికి మోసుకుపోవడం నాకు సమ్మతం కాదు. చోటు నిర్ణయించి రమ్మన్నవారే కట్టాలి, వారు మగపెళ్లివారైనా సరే. ఆఫీసులో టీ, టిఫిన్ల సంగతి వేరు: కొత్తగా చేరినవారిచేత మొదటి జీతం అందేదాకా పైవారు డబ్బు తీయించకూడదు.

తలా ఇంత అనుకున్నప్పుడు సమానంగా పంచడం సులువే కాని, అది ఎప్పుడూ న్యాయం కాదు. కార్తీక మాసమని ఒకరు పెరుగన్నంతో లేచి, మిగిలినవారు అపోలో ఫిష్‌తో మొదలుపెట్టి రెండేసి బిర్యానీలు తెప్పించుకుంటే, ఆ పెరుగన్నం తిన్నవారి వాటా తగ్గించాలన్న మాట బాగా తిన్నవారి నోటి నుంచే రావాలి. మద్యం తాగనివారిచేత దాని ఖర్చు పంచించడం అసలు కూడదు. మద్యానికి జీఎస్టీ వర్తించదు కనుక సాధారణంగా అది బిల్లులో విడిగానే కనిపిస్తుంది, వేరు చేయడం కష్టమేమీ కాదు. భోజనం మీద పడే పన్ను, మామూలు రెస్టారెంట్లలో అది 5 శాతం, వాటాలు వేసేటప్పుడు మరచిపోతే చివరికి ఆ తరుగు ఒక్కరి నెత్తిన పడుతుంది.

కట్టదలచుకున్నవారు భోజనం ముగిసే ముందే నెమ్మదిగా లేచి కౌంటరు దగ్గర పని పూర్తి చేసి రావడం ఉత్తమం. పోయిన సంక్రాంతికి విజయవాడలో మా బావగారూ నేనూ "నేనంటే నేను" అని పోటీ పడి ఒకే క్యూఆర్ కోడ్‌ను ఇద్దరం స్కాన్ చేశాము. పద్దెనిమిది వందల నలభై రూపాయలు అందాయని కౌంటరు మీది స్పీకరు ఒకసారి చెప్పి, ఊపిరి తీసుకునేంతలో మళ్లీ అదే చెప్పింది. ఒకరి డబ్బు వెనక్కి ఇప్పించుకునేసరికి పావుగంట పట్టింది, మా వెనుక వరుసలో ఉన్నవారు మా ప్రేమానురాగాలను ఏమంత మెచ్చుకోలేదు. ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకునే టిఫిన్ సెంటర్లలో మాత్రం ఈ బాధ లేదు, ముందు నడిచినవారిదే బిల్లు.

బిల్లులో సర్వీస్ ఛార్జీ కలిపి ఉంటే దాని గురించి అతిథుల ముందు వాదులాట పెట్టుకోకుండా, కట్టేవారు కౌంటరు దగ్గరికి వెళ్లి తీసివేయమని అడగాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దానిని తప్పనిసరి చేయకూడదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. సర్వరుకు ఇవ్వదలచిన టిప్పు వేరే విషయం, అది మీ ఇష్టం.

బిల్లు ఒకరే కట్టి వాటాలు తరువాత వసూలు చేసుకునేటట్లయితే, మొత్తమూ తలకు ఎంత పడిందో బిల్లు ఫొటోతో సహా ఆ రాత్రే గ్రూపులో పెట్టాలి. మూడు రోజులైనా ఎవరైనా పంపకపోతే గ్రూపులో పేరు పెట్టి అడగకూడదు, విడిగా ఫోను చేసి "మొన్నటి హోటల్ లెక్క ఒకటి మిగిలింది, వీలు చూసుకుని పంపు" అంటే చాలు.