పటాన్ని వెనక్కి తిప్పించండి

యుద్ధంలో పోయిన తాతల ఆస్తిని మనవరాలు వెతుక్కునే ప్రేమకథ, సస్పెన్స్‌తో రాస్తున్నారా? రుజువు కోసం అటక మీద డైరీ దొరికించకండి, అది అరిగిపోయిన దారి. పెయింటింగ్‌ను వెనక్కి తిప్పించండి. నాజీలు పారిస్‌లో యూదుల ఇళ్లలో దోచిన చిత్రాల వెనక అక్షరం, నంబరు వేసేవాళ్లు. పేరున్న యూదు బ్యాంకర్లు రాత్‌షీల్డ్ కుటుంబానివైతే 'ఆర్'. దొంగలు రాసుకున్న లెక్కే తర్వాత సొంతదారులకు ఆధారమైంది!

కడపలో మా అవ్వ ఇత్తడి బిందె చూసినప్పుడు నాకిది తట్టింది. పెళ్లి సందట్లో తారుమారైన ఆ బిందె, అంచున చెక్కించిన పేరు వల్లే ఇంటికొచ్చింది.

ఇంకోటి, నాజీలు దోచిన కళాఖండాలను సొంతదారులకు తిరిగిచ్చే విషయమై చేసుకున్న 1998 నాటి వాషింగ్టన్ సూత్రాలకు 44 దేశాలు ఒప్పుకున్నా వాటికి చట్టబలం లేదు. పటం ఇవ్వనని మ్యూజియం మొండికేయొచ్చు. హీరోను అక్కడి ఉద్యోగిని చేయండి, కావలసినంత టెన్షన్.