శ్రీహరికోటకు విద్యార్థులను తీసుకెళ్లే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం రక్షణ ఏర్పాట్లున్న ప్రదేశం కనుక, అనుమతి చేతికి రాకముందే బస్సు మాట్లాడుకోవడం తగదు. అనుమతి కోసం పంపిన జాబితాలోని పేరు, గుర్తింపు కార్డులోని పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా అని ప్రతి విద్యార్థి విషయంలోనూ సరిచూడాలి. ఫోన్లు, కెమెరాలు లోపలికి అనుమతిస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్రయోగం చూడాలనుకుంటే వాయిదా పడే అవకాశాన్ని మొదటే లెక్కలోకి తీసుకోవాలి. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని గంటలోపు సమయమే మిగిలి ఉండగా సాంకేతిక లోపం వల్ల నిలిపివేసి, తిరిగి జూలై 22న జరిపారు. అందువల్ల తిరుగు ప్రయాణపు టికెట్లను, బసను మార్చుకోవడానికి వీలుండేలా చూసుకోవాలి. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

సూళ్లూరుపేట దాటాక పులికాట్ సరస్సు మీదుగా సాగే దారిలో దుకాణాలపై ఆశ పెట్టుకోకుండా, తాగునీరు, తేలికపాటి ఆహారం, మందులు సూళ్లూరుపేటలోనే సమకూర్చుకోవాలి. తీరప్రాంతపు ఉక్కపోతకు నూలు దుస్తులు, టోపీ అవసరం. చలికాలంలో సరస్సులో రాజహంసలు కనిపిస్తాయి గానీ, వాటి కోసం రోడ్డు మీద బస్సు ఆపించడం ప్రమాదకరం.

రాకెట్ వెలుగు కనిపించిన తరువాత శబ్దం కిలోమీటరుకు దాదాపు 3 సెకన్ల చొప్పున ఆలస్యంగా వచ్చి చేరుతుందని పిల్లలకు ముందే వివరిస్తే, ఒక్కసారిగా వినిపించే ఆ హోరుకు చిన్నవారు బెదరరు.