సుడో లేకుండానే బోర్డు పలికింది

పొలంలో తేమ కొలవడానికి సెన్సర్‌ని ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపాను. లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రాం ఎక్కించబోతే 'పర్మిషన్ డినైడ్' అంది. టెన్షన్‌లో సుడోతో, అంటే సిస్టం మొత్తం మీద అధికారం ఉండే 'రూట్' హోదాలో, నడిపాను. పనైతే అయింది కానీ, నా ఫైళ్లు కొన్ని రూట్ పేరు మీదకి వెళ్లిపోయి, మర్నాడు నాకే తెరుచుకోలేదు. తర్వాత బోర్డు కలిసే పోర్టుకి 666 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) ఇచ్చాను. కేబుల్ తీసి పెట్టగానే అదీ పోయింది.

నాకు కావలసింది సిస్టం మొత్తం మీద అధికారం కాదు, ఒక్క బోర్డు. ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ (యూఎస్‌బీకి తగిలించిన పరికరాల జాబితా చూపేది) ఇస్తే బోర్డులోని సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్ గుర్తింపు నంబర్లు కనిపించాయి: 1ఏ86, 7523. వాటితో ఒక యూడెవ్ రూల్ (పరికరం తగిలించగానే లినక్స్ ఏం చేయాలో చెప్పేది) రాసి 'యూయాక్సెస్' ట్యాగ్ పెట్టాను. మెషీన్ ముందు లాగిన్ అయి ఉన్నవాళ్లకే ఆ పోర్టు అందుతుంది. అయినా పనిచేయలేదు! నా ఫైలు పేరు 99తో మొదలైంది. ఆ ట్యాగ్‌ని పట్టించుకునే సిస్టం రూల్ 73తో మొదలవుతుంది, మనది దానికంటే ముందుండాలి. ఈ సంగతి తెలియడానికే ఒక సాయంత్రం పట్టింది. పేరు 70కి మార్చి, రూల్స్ రీలోడ్ చేసి, కేబుల్ తీసి మళ్లీ పెట్టాను. రీడింగులు వచ్చాయి.

సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలవుట్ గ్రూపులో చేరినా పనవుతుంది. కానీ అప్పుడు సీరియల్ పోర్టులన్నీ తెరుచుకుంటాయి. అందుకే నేను రూల్‌నే ఉంచుకున్నాను.