√72 ని 6√2 గా మార్చడం పిల్లలకి ఎలా నేర్పాలి?

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. పెన్ను, రఫ్ నోట్సు, ఎక్కాలు వచ్చిన పిల్లాడు. పెన్సిల్ మాత్రం వద్దు, చెరిపేస్తే ఎక్కడ తప్పాడో మీకు కనపడదు. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి.

√72 ఇవ్వండి. క.సా.గు.కి చేసినట్టే గీత గీసుకుని భాగిస్తూ పోతే 2, 2, 2, 3, 3 వస్తాయి. ఒకేలా ఉన్నవాటిని జతలు కట్టి సున్నా చుట్టమనండి. 2 ల జత ఒకటి, 3 ల జత ఒకటి, ఇంకో 2 ఒంటరిగా మిగులుతుంది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు ఆగండి, గొడవంతా ఇక్కడే. జతలోంచి బయటికొచ్చేది ఒక్కటే. రెండు రెళ్ళు నాలుగు, నాలుగుకి రూట్ రెండు, అందుకని. ఇది చెప్పకుండా ఊరికే "జత బయటికొస్తుంది" అంటారు చూడండి, దాంతోనే పిల్లలు మునిగిపోయేది. మా అన్నయ్య కొడుకు తొమ్మిదో క్లాసు, 4 నీ 9 నీ బయట పెట్టి 36√2 అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాడు. తప్పని నేను అనలేదు. ఎనిమిది ఎనిమిదులు ఎంతరా అన్నా, 64 అన్నాడు. తొమ్మిది తొమ్మిదులు? 81. మరి 72 రూట్ ఎక్కడుండాలి అంటే "ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య బాబాయ్" అని, తన 36 వంక ఓసారి చూసుకుని వాడే కొట్టేశాడు.

ఇంకో గుంట కూడా ఉంది. బయటికొచ్చిన 2, 3 ని కొందరు కూడేసి 5√2 అంటారు. గుణించాలండీ, లోపల గుణకారంలో ఉన్నవి బయటికొస్తే కూడిక ఎలా అవుతాయి? ఒంటరి 2 లోపలే ఉంటుంది, దాన్ని కదపకూడదు. ఆన్సర్ 6√2. వెంటనే 6×6×2 చేయించండి, 72 రాకపోతే టిక్ పెట్టొద్దు.

చాలామంది "72 లో పెద్ద పర్ఫెక్ట్ స్క్వేర్ వెతుకు" అంటారు. వాడికి 36 తట్టదు, 9 తడుతుంది, 3√8 రాసి అయిపోయిందంటాడు, ఆ 8 లో ఇంకో 4 దాక్కుని ఉందని చూడడు. అదే √1008 ఇస్తే లోపల 144 ఉందని ఎంతమందికి తడుతుంది? జతలు కడితే 12√7 దానంతటదే వస్తుంది. స్పీడ్ వచ్చాక వాడిష్టం, మొదటి నెల మాత్రం జతలే.

కూడికల జోలికి అప్పుడే వెళ్ళొద్దు. √72 + √50 ఇస్తే √122 రాస్తారు. √9 + √16 అంటే ఏడు, √25 అంటే ఐదు, ఈ రెండూ పక్కపక్కన రాయించి, తేడా వాళ్ళ నోటితోనే చెప్పించాక 6√2 + 5√2 = 11√2 కి రండి.

ప్రాక్టీస్‌కి √98, √75, √180 ఇచ్చి మధ్యలో √30 దూర్చండి. దాంట్లో జతే ఉండదు. కాసేపు వెతుక్కోనివ్వండి, మీరు మాట్లాడకండి.